మలుపు దగ్గర సైకిలూ కుక్కా గుద్దుకుంటే తప్పెవరిది

(విజయవాడ పటమట వైపు ఒక కాలనీ హాల్లో, రిటైరైన పశువుల డాక్టరుగారు ఆదివారం పొద్దున మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని టైప్ చేసాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారమండి. వెనకాల నుంచున్నవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మైకు గరగరలాడుతోంది, నేను మైకు లేకుండానే మాట్లాడతా.

నన్నెందుకు పిలిచారో తెలుసు. పద్దెనిమిది రోజుల కిందట మన మూడో క్రాస్ రోడ్డు మలుపు దగ్గర, తెల్లవారుజామున, ఇంటర్ ఫస్టియర్ బాబు సైకిలు మీద వస్తున్నాడు, టీచరమ్మగారు వాళ్ళ కుక్కని తిప్పుతున్నారు, గుద్దుకున్నారు. బాబుకి కాలర్ బోన్ విరిగింది, కుక్కకి వెనక కాలి చర్మం లేచిపోయింది, టీచరమ్మగారు కింద పడకపోయినా ఆవిడ అరచెయ్యి తాడుతో కోసుకుపోయింది. ఆరోజు నుంచి కాలనీ రెండు ముక్కలైంది. ఒకళ్ళేమో కుర్రాళ్ళు ఒళ్ళు తెలీకుండా తొక్కుతారంటారు, ఇంకొకళ్ళు కుక్కల్ని పెంచుకునేవాళ్ళకి రోడ్డు రాసిచ్చారా అంటారు. ఇద్దరి ఇళ్ళ మధ్య నాలుగు గుమ్మాలు లేవు, పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళు, ఇవాళ ఎదురుపడితే మొహం తిప్పుకుంటున్నారు. నాకు అదే బాధగా ఉంది, ఎముక ఆరు వారాలకి అతుక్కుంటుందండి, ఇది అతుక్కోదు.

నేను ముప్ఫై మూడేళ్ళు పశువుల ఆస్పత్రుల్లో పనిచేసా, తెనాలి దగ్గర కొన్నాళ్ళు, మంగళగిరి దగ్గర కొన్నాళ్ళు, చివర్లో ఇక్కడ. రిటైరయ్యాక షుగర్ వచ్చింది, నడవమంటే మోకాళ్ళు ఒప్పుకోలేదు, సైకిలెక్కా, ఆరేళ్ళ నుంచి తొక్కుతున్నా. కాబట్టి నేను కుక్క వైపా సైకిలు వైపా అని ఎవరూ అనుకోవక్కర్లేదు.

మొన్న బుధవారం సరిగ్గా అదే టైముకి, అయిదుంబావుకి, ఆ మలుపు దగ్గరికెళ్ళి నుంచున్నా. ఇక్కడ మాట్లాడుతున్నవాళ్ళలో ఎంతమంది ఆ టైముకి అక్కడికెళ్ళి చూసారో నాకు తెలీదు గానీ చూసుంటే సగం గొడవ ఉండేది కాదు. మలుపులో కొత్తగా కడుతున్న ఇంటి ముందు ఇసక కుప్ప ఉంది, నా భుజం దాకా ఉంది, రోడ్డులో మూడో వంతు అదే తినేసింది. దాని పక్కన ఒక కారు, కవర్ కప్పి ఉంది, నెలల తరబడి కదిలినట్టు లేదు. లైటు స్తంభం ఉంది, లైటు వెలగట్లేదు. నేను సైకిలొచ్చే వైపు నుంచుని చూస్తే అవతల రోడ్డు మీద మనిషి కనపడేటప్పటికి మధ్యన ఉన్న దూరం తొమ్మిది అడుగులు, నా పెద్ద అడుగులతో, అంటే ఏడు మీటర్లు అనుకోండి.

ఇప్పుడు లెక్క చూడండి. బాబుని అడిగా, ఎంత స్పీడులో వచ్చావు నాన్నా అని, అబద్ధం చెప్పలేదు, ఇరవై అయిదు ఉంటుంది తాతగారూ అన్నాడు, హ్యాండిల్ మీద మీటరుంది వాడికి. గంటకి ఇరవై అయిదు కిలోమీటర్లంటే సెకనుకి ఏడు మీటర్లు. ఎంత చురుకైనవాడికైనా చూసి, బుర్రకెక్కి, బ్రేకు మీద వేళ్ళు బిగిసేసరికి ఒక సెకను పడుతుంది, ఆ సెకనులోనే ఏడు మీటర్లూ అయిపోయాయి. ఆ తర్వాత సైకిలు ఆగడానికి ఇంకో అయిదు మీటర్లు కావాలి. అంటే చూసిన క్షణానికే ఆపడం వాడి చేతుల్లో లేదు. అదే పన్నెండు స్పీడులో వచ్చుంటే సెకనుకి మూడు మీటర్ల చిల్లర, బ్రేకుతో కలిపి నాలుగున్నర మీటర్లలో ఆగేవాడు, ఇంకా రెండు మీటర్లు మిగిలేది, టీచరమ్మగారిని గుడ్ మార్నింగ్ అమ్మమ్మా అని పలకరించి వెళ్ళేవాడు.

బాబూ, నీకు చెప్పేది ఇదీ. కనపడని మలుపులో నీ ముందు ఎంత రోడ్డు కనపడుతోందో అంతలో ఆగగలిగే స్పీడే నీ స్పీడు, అది దాటితే అవతల కుక్కున్నా చంటిపిల్లాడున్నా ముగ్గేసుకునే అమ్మున్నా నువ్వు చెయ్యగలిగేదేం ఉండదు. నీ సైకిలు చూసా, మంచి గేర్ సైకిలు, బెల్లు లేదు. తప్పుకోండి అని అరిచానన్నావు, అరిచుంటావు, నేను కాదనను, కానీ ఆ అరుపు వినేటప్పటికే నువ్వు వాళ్ళ మీదకొచ్చేసావు. బెల్లు మలుపు ముందు కొట్టేది.

ఇక టీచరమ్మగారు. అమ్మా, మీరు ఏమనుకోకండి. నా కుక్కకి టీకాలన్నీ వేయించా, తాడు లేకుండా గేటు దాటించను అంటున్నారు, నిజమే, మీ అంత శ్రద్ధగా చూసుకునేవాళ్ళు ఈ కాలనీలో లేరు. కానీ మీ చేతిలో ఉన్నది చుట్టుకునే తాడు, బటన్ నొక్కితే ఆగేది, వదిలితే అయిదు మీటర్లు సాగేది. మన రోడ్డు వెడల్పు ఆరు మీటర్లు. మీరు కాలవ పక్కన, కుక్క ఇసక కుప్ప పక్కన, మధ్యన నల్ల తాడు, పెన్సిల్ మందం కూడా లేదు, ఆ చీకట్లో పక్కన నుంచున్నవాళ్ళకే కనపడదు. సైకిల్ మీదొచ్చేవాడికి అటో మనిషి ఇటో కుక్క, మధ్యలో దారుందని అనుకుంటాడు కదమ్మా. ఆ మధ్యలోంచే వెళ్ళాడు. తాడు ముందు చక్రం ఫోర్కుకి చుట్టుకుంది, చక్రం నిలిచిపోయింది, వాడు హ్యాండిల్ మీంచి ముందుకెళ్ళి భుజం మీద పడ్డాడు. కుక్కని అది ఈడ్చుకుపోయింది, నేను ఆ తారు మీద గోళ్ళ గీతలు చూసా, మూరెడు పొడుగున ఉన్నాయి, పద్దెనిమిది రోజులైనా పోలేదు.

కుక్క తాడుతో ఉంది అనేది సగం మాటండి. తాడు ఎంత పొడుగు వదిలాం అనేది మిగతా సగం. రోడ్డు మీద మీటరున్నరకి మించి వదలకూడదు, కుక్క మనతో ఒకే పక్కన నడవాలి, వెనకనుంచి ఏదైనా వస్తే మోకాలికి ఆనించి పట్టుకోవాలి. సాగే తాడు గ్రౌండులో వాడుకోండి, సిద్ధార్థ కాలేజీ వైపు ఎక్కడైనా ఖాళీ జాగా చూసుకుని వదలండి, రోడ్డు మీద వద్దు.

(ఒకాయన: సార్, అసలు ఆ కుక్క రోడ్డుకి అడ్డంగా ఎందుకెళ్ళింది?)

మంచి ప్రశ్న. టీచరమ్మగారే చెప్పారు నాకు, ఇసక కుప్ప మీద పడుకున్న వీధికుక్క గుర్రుమంది, దాన్ని చూడ్డానికి వీళ్ళ కుక్క అటు దూకింది. అందుకే ఇప్పుడు రెండు ముక్కలవాళ్ళూ ఒక్క మాట మీద మాత్రం కలిసారు, తప్పంతా వీధికుక్కలదేనట, పట్టించేద్దామంటున్నారు. కుక్క కాటుకి చెప్పు దెబ్బ అని మనకో సామెత ఉంది కాబట్టి చెప్పు తీసేస్తే పనైపోతుందనుకుంటాం. ఇక్కడ అది కాటు కూడా వెయ్యలేదు.

మా తాతయ్య చెప్పేవాడు చిన్నప్పుడు, భారతంలో జనమేజయుడు యాగం చేస్తుంటే దేవతల కుక్క సరమ కొడుకు, కుక్కపిల్ల, ఆడుకుంటూ అటొచ్చింది, రాజుగారి తమ్ముళ్ళు కొట్టి తరిమారు. ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతే సరమ నేరుగా యాగం దగ్గరికే వచ్చి, నా బిడ్డ ఏం తప్పు చేసాడు, హోమంలో వెయ్యాల్సిన హవిస్సు ముట్టుకున్నాడా అని నిలదీసింది, అంతమంది పెద్దవాళ్ళలో ఒక్కరూ జవాబు చెప్పలేదు. ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరించేది, ఆస్పత్రిలో టేబుల్ మీద నడుం విరిగిన కుక్కని పడుకోబెట్టినప్పుడల్లా గుర్తొచ్చేది.

సరే, వీధికుక్క అక్కడెందుకు పడుకుందో చూద్దాం. ఇసక మెత్తగా ఉంటుంది, ఎండాకాలం తవ్వుకుంటే లోపల చల్లగా ఉంటుంది. సందు చివర చికెన్ కొట్టు ఉంది, ఆదివారం సాయంత్రానికి ఈకలు, పేగులు కవర్లో కట్టి కాలవ గట్టు మీద పడేస్తారు, అది మనందరికీ తెలుసు, మనమే కొంటాం కాబట్టి ఎవరం అడగం. రాత్రి టిఫిన్ బండి తీసేసాక మిగిలిన పచ్చడి, ఇడ్లీలు, ప్లేట్లు అన్నీ అక్కడే. పదిమందికి తిండి దొరికే చోట పది కుక్కలుంటాయి, పట్టుకెళ్ళినా ఇంకో పది వస్తాయి, తిండి అక్కడే ఉంది కదా.

ఇంకోటి కూడా గమనించండి. చిత్తకార్తె అంటాం, అక్టోబర్ రెండో వారంలో వస్తుంది, కుక్కలు జతకట్టే రోజులని మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు, తిట్టడానికి కూడా వాడతాం ఆ మాట. కుక్క మోసేది అరవై మూడు రోజులు అటూ ఇటుగా. లెక్కేసుకోండి, ధనుర్మాసం మొదలయ్యేసరికి ప్రతి సందులోనూ ఒక తల్లికుక్క ఈనుతుంది, కారు కిందో ఇసక పక్కనో పిల్లల్ని పెట్టుకుంటుంది. అప్పుడు దాని పక్కనుంచి ఏది వేగంగా పోయినా మీదకొస్తుంది. మంచు, చీకటి, సైకిళ్ళు తొక్కేవాళ్ళు ఎక్కువయ్యేది కూడా ఆ చలికాలంలోనే. మన కాలనీలో ఈ గుద్దుకోవడాలు డిసెంబర్, జనవరిలో ఎక్కువ ఎందుకవుతున్నాయని అడిగితే నా జవాబు ఇదే.

దీనికి చెయ్యాల్సింది రూల్స్‌లోనే రాసుంది. 2023లో వచ్చిన జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం వీధికుక్కల్ని పట్టుకుని, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి, ఆ బాధ్యత ఊరి పాలక సంస్థది. ఆపరేషన్ అయిన కుక్కకి చెవి కొస కత్తిరించి ఉంటుంది, మన ఇసక కుప్ప మీది కుక్కకి చెవులు రెండూ నిండుగా ఉన్నాయి, నేను దగ్గరికెళ్ళి చూసా. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ చుట్టుపక్కల కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది, 22న ముగ్గురు జడ్జీలు దాన్ని మార్చారు, ఆపరేషన్ చేసి టీకా వేసి అక్కడే వదలండి, రేబిస్ ఉన్నవీ మరీ దూకుడుగా ఉన్నవీ తప్ప, తిండి పెట్టడానికి వేరే చోటు చూపించండి అన్నారు. నవంబర్లో స్కూళ్ళు, ఆస్పత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల ఉన్నవాటిని తీసెయ్యమన్నారు. మనది స్కూలు కాదు, ఆస్పత్రి కాదు, కాలనీ సందు. కాబట్టి పట్టించేద్దాం అనేవాళ్ళు ఎక్కడికి పట్టిస్తారో ముందు చెప్పాలి.

ఇప్పుడు నా సంగతి చెప్తా, చెప్పకపోతే బాబుకి నేను నీతులు చెప్పినట్టుంటుంది. నాలుగేళ్ళ కిందట, జనవరిలో, బ్యారేజీ దాటి ఉండవల్లి కరకట్ట మీద వెళ్తున్నా. మీకు తెలుసుగా ఆ రోడ్డు, ఒక పక్క కృష్ణ, ఒక పక్క తోటలు, పొద్దున్నే మంచు, తొక్కుతుంటే ప్రాణం లేచొస్తుంది. తోటలోంచి ఒక తెల్ల కుక్క రోడ్డెక్కింది. నాకు కనపడింది, ఇరవై మీటర్ల ముందే కనపడింది. తప్పుకుంటుందిలే అనుకున్నా. బ్రేకు మీద వేళ్ళు కూడా పెట్టలేదు. అది సగం దాటి, నా చప్పుడుకి ఆగి, వెనక్కి తిరిగింది. కుక్క చేసేది అదే, ముప్ఫై మూడేళ్ళు చూసినవాణ్ణి నాకు తెలియాలి, సగం రోడ్డులో భయమేస్తే వచ్చిన వైపుకే పరిగెడుతుంది. ముందు చక్రం దాని డొక్కలో తగిలింది. ఇద్దరం పడ్డాం.

నా మోచెయ్యి దోక్కుపోయింది, అంతే. అది లేచి కుంటుకుంటూ తోటలోకి పోయింది. దెబ్బ తగిలిన కుక్క లేచి నడిచింది కదా అని అందరూ వెళ్ళిపోతారు, నేను వెళ్ళలేకపోయా, ఎందుకంటే లోపల రక్తం కారితే పైకి ఏమీ తెలీదు. వెతికా. అరటి చెట్ల మధ్య పడుకునుంది. పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూసా. చిగుళ్ళు గులాబీ రంగులో ఉండాలి, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలో మళ్ళీ రంగు రావాలి. దానికి నొక్కకుండానే తెల్లగా ఉన్నాయి, కాగితంలాగా. నాకు తెలిసిపోయింది. తోట కాపలాదారు గోతం తెచ్చాడు, దాని మీద పడుకోబెట్టి ఇద్దరం మోసుకొస్తుంటే రోడ్డెక్కే లోపే పోయింది.

అది అడ్డమొచ్చింది అని నేను చెప్పుకోవచ్చు. చెప్పుకుంటే ఎవరూ కాదనరు కూడా. కానీ ఆ ఇరవై మీటర్ల దూరం నాకు తెలుసు, బ్రేకు నా చేతుల్లో ఉంది, దాని చేతిలో ఏముంది? అందుకే నేను ఎవరు ఎవరికి అడ్డమొచ్చారు అని చూడను, ఆపగలిగింది ఎవరో, ఆ ఆపేది ఎవరి చేతిలో ఉందో చూస్తా. బ్రేకు సైకిలువాడి చేతిలో ఉంది, తాడు పెంచేవాళ్ళ చేతిలో ఉంది, చికెన్ కవరు, ఇసక లోడు మన చేతిలో ఉన్నాయి.

(ఒకావిడ: చట్టం ఏమంటుంది సార్, కేసు పెడితే?)

చట్టం ఇద్దర్నీ పట్టుకుంటుందమ్మా. భారతీయ న్యాయ సంహితలో 291వ సెక్షన్, పాత ఐపీసీలో 289, తన దగ్గరున్న జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. 281వ సెక్షన్, ఒళ్ళు మరిచి బండి నడపడం, అందులో మోటారు బండి అని లేదు, బండి అనే ఉంది. ఇక కావాలని కుక్కని చంపినా, విషం పెట్టినా 325, అయిదేళ్ళ దాకా. ఇది పట్టించేద్దాం, మందు పెట్టేద్దాం అని రాత్రిపూట మాట్లాడుకునేవాళ్ళు గుర్తుపెట్టుకోండి. కానీ మీ ఇద్దరి మధ్య స్టేషన్ వద్దని నా మనవి, స్టేషన్‌కి వెళ్ళిన ఇళ్ళు మళ్ళీ కలవడం నేను చూళ్ళేదు.

సైకిళ్ళవాళ్ళకి కొన్ని మాటలు, తొందరగా చెప్పేస్తా. కుక్క వెంటపడేది కదిలేదాన్ని, మిమ్మల్ని కాదు. స్పీడు పెంచితే ఇంకా పడుతుంది. ఆగి, దిగి, సైకిలుని మీకూ దానికీ మధ్యన పెట్టి నడవండి, నూటికి తొంభై సార్లు అని లెక్క చెప్పను గానీ నా అనుభవంలో దిగాక కరిచిన కుక్క లేదు. కాలితో తన్నొద్దు, తన్నేటప్పుడు పడేది మీరే. కరిచినా, గీరినా, ఇంటిది కావచ్చు వీధిది కావచ్చు, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు, అదే రోజు ఆస్పత్రికెళ్ళి ఇంజక్షన్ మొదలుపెట్టండి, మొదలుపెట్టాక మధ్యలో మానొద్దు. రేబిస్ లక్షణాలు కనపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఇది మాత్రం ఇంట్లో పిల్లలకి కూర్చోబెట్టి చెప్పండి, కుక్క గీరితే అమ్మ తిడుతుందని దాచుకునే పిల్లలున్నారు.

దెబ్బ తగిలిన కుక్కని ఎత్తేటప్పుడు, ఎంత మీదైనా సరే, ముందు మూతికి చున్నీయో తువ్వాలో చుట్టండి, నొప్పిలో అది మిమ్మల్ని గుర్తుపట్టదు. టీచరమ్మగారి అరచెయ్యి తాడుకి కోసుకుంది గానీ కుక్క కరవలేదు, అది ఆవిడ అదృష్టం.

మన పేపరు కుర్రాణ్ణి చూడండి. ఏడేళ్ళ నుంచి నాలుగున్నరకి ఇవే సందుల్లో తిరుగుతున్నాడు, అదే ఇసక కుప్ప, అదే కుక్కలు, ఒక్కటీ వాడి వెంట పడదు. నేను అడిగితే, మలుపు ముందు బెల్లు కొడతా సార్, అవి లేచి నన్ను చూసి మళ్ళీ పడుకుంటాయి అన్నాడు. వాడి సైకిలు పాతది, చైన్ కిర్రుమంటుంది, వంద మీటర్ల నుంచే తెలుస్తుంది వాడొస్తున్నాడని. కొత్త గేర్ సైకిలు గాలిలాగా వస్తుంది, తొక్కేవాడికి అది సుఖం, పడుకున్న కుక్కకీ చెవులు సరిగ్గా వినపడని ముసలాయనకీ మాత్రం అది ఉలికిపాటు.

(ఒకాయన: ఇంతకీ డబ్బులు ఎవరివ్వాలి సార్, బాబు ఆస్పత్రి ఖర్చు?)

నా తీర్పు అడిగారు కాబట్టి చెప్తా, ఒప్పుకోకపోతే మానెయ్యండి. ఖర్చు సగం టీచరమ్మగారిది, ఎందుకంటే రోడ్డుకి అడ్డంగా కనపడని తాడు కట్టినట్టయింది. నాలుగో వంతు బాబు వాళ్ళ నాన్నది, బెల్లు లేని సైకిలు, ఆ స్పీడు. మిగిలిన నాలుగో వంతు ఇసక పోయించినాయనది. ఆయన వెనక వరసలో కూర్చున్నారు, నేను ఇందాకట్నుంచి చూస్తున్నా, ఆయన ఇల్లు కట్టుకోవడం తప్పు కాదు, మలుపు మూసెయ్యడం తప్పు. కుక్క వైద్యం నేను చేస్తున్నా, దానికెవరూ ఏమీ ఇవ్వక్కర్లేదు, పుండు మానుతోంది, ఎల్లుండి కట్టు విప్పుతా.

రేపు పొద్దున అయిదుంబావుకి ముగ్గురూ ఆ మలుపు దగ్గరికి రండి. టేపు నేను తెస్తా. బాబు చెయ్యి కట్టుతో ఉంది కాబట్టి వాళ్ళ నాన్నగారు సైకిలు నడిపించుకు రండి, టీచరమ్మగారు ఆ తాడు తెండి, ఇసకాయన ఒక పార తెండి.